వెనక సీటు

దుబాయిలో ఉన్న మూడేళ్లూ నేను కార్లు తోలలేదు, కడిగాను. నేలకు జానెడెత్తులో ఉండే రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లు. కడిగి కడిగి వాటి పిచ్చి పట్టింది. ఎనభైల మధ్యలో ఎల్లారెడ్డికి తిరిగొచ్చి నేను చేసిన మొదటి పని ఒక పాత రెండు తలుపుల కారు కొనడం. రెండో పని దాన్ని పాడుచేయడం. అప్పుడు మాత్రం ఆ మాట అంటే ఊరుకునేవాణ్ణి కాదు.

కామారెడ్డిలో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన చేత వెడల్పు చక్రాలు వేయించాను, సైలెన్సరు తీయించాను, ఎర్ర రంగు కొట్టించాను. అంతటితో ఆగితే బాగుండేది. కారు తోక కిందికి దిగాలని వెనక చక్రాల కమాన్లలోంచి, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కుపట్టీల కట్టల్లోంచి, పక్కకు రెండు చొప్పున పట్టీలు కూడా తీయించాను. వెనక బరువంతా మోసేవి ఆ కట్టలే. ఉస్తాద్‌కు ఆ పని నచ్చలేదు.

"ఇగ వెనక సీటు సామాన్లు పెట్టుకోనీకే బేటా. మనుషులను కూసోబెట్టకు," అన్నాడు. తీసిన పట్టీలను గోనెసంచిలో కట్టి నా చేతికిచ్చాడు. బండి నుంచి ఏది తీసినా ఓనరుకు అప్పజెప్పడం ఆయన షెడ్డు పద్ధతి. "రేపు ఉస్తాద్ అమ్ముకున్నడు అనొద్దు," అనేవాడు. ఆ సంచిని తెచ్చి పశువుల కొట్టంలో ఒక మూలన పడేసి మరిచిపోయాను.

ఒక ఏడాది కాలరెగరేసుకొని తిరిగాను. తరువాతి వానాకాలం, ఒక మధ్యాహ్నం, ఇద్దరు దోస్తులను వెనక కూర్చోబెట్టుకొని కామారెడ్డి నుంచి వస్తున్నాను. లింగంపేట దాటాక రోడ్డు కింద కాలువ పారే ఒక మోరీ ఉంది, దాని ముందర పెద్ద గుంత. వేగంగా అందులోకి దిగేసరికి కారు వెనక భాగం ఇరుసు మీద కూలబడింది. కింద ఏదో ఠక్కుమంది. ఎదురుగా ఎడ్లబండి. బ్రేకు తొక్కితే పెడలు నేల దాకా పోయింది. స్టీరింగ్ ఎలా తిప్పానో తెలియదు, కారు పొలంలోకి దిగి బురదలో ఆగింది. దోస్తులు పడీపడీ నవ్వారు. నేను మాత్రం స్టీరింగ్ మీంచి చేతులు తీయలేకపోయాను.

ఇరుసుకూ బాడీకీ మధ్య పడి బ్రేకు నూనె గొట్టం నలిగిపోయిందని ఉస్తాద్ చూపించాడు. "చెప్పిన గదా," అని ఒక్క మాటే అన్నాడు. కొత్త గొట్టం వేయించి, ఆ తరువాత వెనక సీట్లో ఎవరినీ ఎక్కించుకోలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఒంటరిగా పోతున్నా ఆ మోరీ దగ్గర కారును నడక వేగానికి తగ్గించేవాణ్ణి.

మళ్లీ వీసా వచ్చింది. పదిహేను రోజుల్లో విమానం. కారు అమ్మకానికి పెడితే కామారెడ్డిలో బట్టల దుకాణం నడిపే ఒకతను వచ్చాడు, ఇంచుమించు నా ఈడువాడే. చూడగానే మురిసిపోయాడు. "గిట్లనే కావాలె అన్నా. ఒక్క బోల్టు మార్చొద్దు. జర లేపినా నాకొద్దు," అన్నాడు.

నాకు అన్నం సయించలేదు. పట్టీలు మళ్లీ వేయిస్తే ఇతను కొనడు. వేయించకపోతే? దుబాయిలో గదిలో కూర్చొని ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం విప్పుతుంటాను. అందులో ఫలానా మోరీ దగ్గర ఎర్రకారు అని రాసి ఉంటుంది. ఆ ఉత్తరం కళ్లముందు కదలని రోజు లేదు. చివరికి ఇక ఆగలేక, పాత పట్టీలు వేయించేద్దామని కొట్టంలోకి పోయాను. సంచి లేదు.

"అవ్వా, ఈడున్న ఇనుప పట్టీలేవి?" అని మా అమ్మను అడిగాను.

"కమ్మరాయినకిచ్చిన బిడ్డా. ఊకె తుప్పు పడుతున్నయని. ఎంత మంచి కొడవండ్లయినయో సూడు!" అంటూ చూరులోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. కమాన్ ఉక్కు కనిపిస్తే కొడవలి చేయించకుండా మా దగ్గర ఎవరూ వదలరు. నా కారును మోయవలసిన ఉక్కుతో ఆ ఏడు మా వాడకట్టులో సగం కోతలు జరిగాయి. సిగ్గుతోనే చెబుతున్నాను, కొడవలి చూడగానే నా గుండె తేలికపడింది. ఇక మార్చడం నా చేతుల్లో లేదు కదా అనుకున్నాను. వేరే పట్టీలు దొరుకుతాయని తెలియనంత అమాయకుణ్ణేమీ కాదు.

ఆదివారం ఆ దుకాణం అతను కారు తోలి చూసుకుందామని బస్సు దిగి వచ్చాడు. వెంట భార్య, ఇద్దరు పిల్లలు. నేను తలుపు తీయగానే తల్లీ పిల్లలూ వెనక సీట్లోకి ఎక్కేశారు. చెప్పాల్సింది అప్పుడే. మడిచిన ముందు సీటును మళ్లీ సరిచేశాను. అతను స్టీరింగ్ ముందు కూర్చున్నాడు, నేను పక్కన కూర్చున్నాను.

గుంత వచ్చినప్పుడల్లా కింద గర్రుమని రాసుకుంటోంది. అతనికి అది కూడా ముచ్చటగానే ఉంది. పాప వెనక నుంచి నా సీటును రెండు చేతులా పట్టుకుంది, చిన్న వేళ్లు నా భుజానికి తగులుతున్నాయి. దూరాన మోరీ కనిపించింది. అతను వేగం తగ్గించలేదు.

"ఆపు! ఆపు!" అని అరిచి చేతిబ్రేకు లాగాను. గుంతకు నాలుగడుగుల ముందు కారు అడ్డంగా నిలిచింది. పిల్లలు ఏడుపు అందుకున్నారు.

రోడ్డు మీదే అంతా చెప్పేశాను. అతను మోకాళ్ల మీద కూర్చొని కిందికి తొంగి చూశాడు. కొత్త గొట్టం అప్పటికే ఇరుసుకు రాసుకొని తళతళలాడుతోంది. దాన్ని బొటనవేలితో తడిమాడు.

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అన్నాడు. అన్నా అని పిలవలేదు.

"పోయిన వానకాలం నుంచి."

"మరి నా పిల్లలు ఎక్కుతుంటె తలుపు పట్టుకొని నిలబడ్డవేంది?"

అతను భార్యాపిల్లలను తీసుకొని కామారెడ్డి బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఉస్తాద్ హైదరాబాదు పాత సామాన్ల బజారులో వెతికి సరిపోయే పట్టీలు తెచ్చాడు. చక్రాలు, సైలెన్సరు కూడా మళ్లీ మామూలువే వేశాడు. కారు లేచి నిలబడింది, ఒక్క రంగు తప్ప అన్నీ అందరి కార్లలాగే. విమానానికి మూడు రోజులుందనగా ఆశ చంపుకోలేక ఆ దుకాణం అతనికే కబురు పెట్టాను.

వచ్చాడు, ఒక్కడే. తోక మీద రెండు చేతులూ ఆనించి బలంగా నొక్కి చూశాడు. మా ఇంట్లోంచి రెండు బియ్యం బస్తాలు అడిగి తెప్పించి వెనక సీట్లో వేయించాడు. నేను ముందు తలుపు తీయబోతుంటే ఆపాడు.

"ఈసారి నువ్వు ఎనక కూసో."

బస్తాల పక్కన ఇరుక్కొని కూర్చున్నాను. మోరీ దగ్గరపడుతుంటే వేగం పెంచాడు. పట్టీలు గట్టివని, గొట్టానికి ఏమీ తగలదని, ఉస్తాద్ రెండుసార్లు చూశాడని నాకు తెలుసు. అయినా ముందు సీటును, ఆ పాప పట్టుకున్న చోటే, రెండు చేతులా పట్టుకొని కళ్లు మూసుకున్నాను. కారు గుంతలో దిగి లేచింది. ఏదీ రాసుకోలేదు. అతను మోరీ అవతల కారు ఆపి అద్దంలోంచి నన్ను చూశాడు.

"తీస్కుంట. ఇంటికి పోయినంక కాయిదాలియ్యి," అన్నాడు.

సరే అన్నాను. నా చేతులు మాత్రం ఇంకా ఆ సీటును వదల్లేదు.