తొకొమునె వెయ్యని ముడి

తొకొమునె ముప్పయ్యేళ్లుగా సూమో మల్లుల తలలు దువ్వి ముడులు వేస్తున్నాడు. ప్రతి మార్చిలో ఒసాకా పోటీలకు వాళ్ల బృందం మా ఇంటి వెనక హాల్లోనే దిగుతుంది. పరాయివాళ్ల సంగతులంటే నేను చెవి కోసుకుంటాను. అందుకే పొద్దున్నే టీ వంకతో అతని పక్కన చేరేదాన్ని. తల తడిమి, ఎవడు రాత్రి తాగాడో, ఎవడికి నిద్ర పట్టలేదో ఇట్టే చెప్పేవాడు.

ముడి బిగించే దారాన్ని పళ్లతో పట్టుకోవడం వాళ్ల పద్ధతి. కరోనా ఏడాది మూతికి మాస్కు వచ్చిపడింది. "పిన్నీ, ఇహ దారం చెవులతో పట్టుకోవాలా?" అని గొణిగి, ఆ కొస నా చేత పట్టించాడు.

ఆ ఏడు పోటీలు పెట్టాలా వద్దా అని మా వీధి వీధంతా కొట్టుకుంది. చివరికి ప్రేక్షకులు లేకుండా పెడతామన్నారు. ఒక్క మల్లుడికి జబ్బు తేలినా అక్కడితో ఆపేస్తామన్నారు. చూసేవాడే లేనప్పుడు ఎవరి కోసమయ్యా ఆడటం అని నేను కనబడ్డవాణ్ణల్లా అడిగాను. ఇసొనామి నవ్వాడు. ఏళ్ల తరబడి కింది స్థాయిలోనే ఉండిపోయిన మల్లుడతను. వాళ్ల కుస్తీలు పొద్దున్నే అయిపోతాయి, అప్పటికి జనం రారు. మాకు ఏటా కరోనాయేనన్నాడు.

అవే అతని చివరి పోటీలు. అవగానే ఊరెళ్లి నాన్న చేపల పడవ ఎక్కాలి. ఈ పోటీల్లో గెలుపోటములు సరిసమానంగా ఉన్నాయి, ఆఖరి కుస్తీ మిగిలింది. ఇన్నేళ్లలో ఒక్క కుస్తీ కూడా మానలేదన్నదే అతనికున్న గొప్ప.

ఆ కుస్తీ నాటి పొద్దున అతని తలలో తొకొమునె వేళ్లు ఆగాయి. దారం నా చేతిలోనే ఉంది.

"ఒరేయ్, తల కాలిపోతోంది."

"ఇందాకే జ్వరం చూసుకున్నానన్నా. ఏం లేదు."

"నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని చూసుకున్నావు. కుదుళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి."

ఇసొనామి గొంతు తగ్గించాడు. "ఈ ఒక్క పూటకి వెయ్యన్నా. నీ కాళ్లు పట్టుకుంటా."

తొకొమునె నా చేతిలోంచి దారం తీసుకుని పెట్టెలో పెట్టేశాడు. ముడి లేనివాడు బరిలోకి దిగడానికి లేదు. ఎవరికీ చెప్పననీ, ముడి మాత్రం వెయ్యననీ అన్నాడు.

"జలుబే అయితే?"

"అయితే బతికినన్నాళ్లూ నన్ను తిట్టు."

జుట్టు విరబోసుకునే ఇసొనామి గురువుగారి దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాడు. బరిలో అవతలివాడు ఆడకుండానే గెలిచాడు. పరీక్షలో వట్టి జలుబేనని మర్నాడు తేలింది. పోటీలు చివరిదాకా సాగాయి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. రెండు పూటలు తొకొమునెకి టీ ఇవ్వలేదు. అతనూ అడగలేదు.

గంజి పట్టుకెళ్లి ఇసొనామి గది గుమ్మం బయట పెట్టాను. ఉండబట్టలేక అడిగేశాను.

"తిట్టమన్నాడుగా, ఒక్క మాటా అనవేం?"

తలుపు సందులోంచి చెయ్యి చాచి గంజి గిన్నె లోపలికి తీసుకున్నాడు.

"ఎలా తిట్టను పిన్నీ? ఇన్నేళ్లూ నా కుస్తీలన్నిటికీ వచ్చి నిలబడి చూసింది ఆయనొక్కడే."