చెరిపించిన ఫొటో

సాలూరులో ఒక ప్రైవేటు హైస్కూలు హెడ్మాస్టరు నరసింగరావు గారికి చెరపడం అలవాటు. బడి గోడ మీద ఏ ఆడపిల్ల పేరు కనిపించినా అటెండరును పిలవరు. తనే తడిగుడ్డ పట్టుకెళ్లి, జారిన కళ్లజోడు మోచేత్తో ఎగదోసుకుంటూ, అక్షరం మిగలకుండా తుడుస్తారు. తుడిస్తే పరువు నిలుస్తుందని ఆయన నమ్మకం. అందుకే పదో తరగతి హర్షిత ముఖాన్ని ఎవరి ఒంటికో అతికించిన ఫొటో వాట్సాప్‌లో తిరిగినప్పుడు, క్లాసువాళ్ల ఫోన్లన్నీ తెప్పించి, ఎదురుగా నిలబడి చెరిపించారు. ఆ తర్వాతే, అది తయారుచేసిన ప్రదీప్‌ను సస్పెండ్ చేశారు.

మర్నాడు ప్రదీప్ తండ్రి, లారీల యజమాని, వకీలుతో దిగాడు. "ఏటి ఫొటో మాస్టారూ? సూపించండి. ఉంటే నానే ఆడి తోలు తీస్తాను!" సెలవు రోజున ఇంట్లో జరిగినదానికి బడి శిక్ష ఎలా వేస్తుందనీ, సాక్ష్యమైనా లేదనీ, కోర్టుకు ఈడుస్తామనీ వకీలు నెమ్మదిగా చెప్పాడు. మాస్టారు ఫిర్యాదు ఇవ్వడానికి వెళితే స్టేషన్‌లో ఎస్సై కూడా ఫొటోయే అడిగాడు. పిల్లల్ని ప్రేమతో మార్చాలని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆ పూట ఎవరూ ఆ దరిదాపుల్లో లేరు.

సాయంత్రం హర్షిత తల్లి కుమారి వచ్చింది. "ఫోన్లు తెప్పించిన దినం మా పిల్ల బడికి రాలేదు, దాని ఫోన్లో ఇంకా ఉన్నాది బాబూ. సెరిపీమంటే సెరపదు. అన్నం మానీసి అదే సూస్తంది."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఆమె వెంట ఇంటికి వెళ్లారు. హర్షిత ఫోను వెనక్కి దాచుకుంది.

"చెరిపేయమనడానికి వచ్చారా సార్?"

"కాదమ్మా," అన్నారు. "చెరపొద్దని అడగడానికి వచ్చాను. మిగిలిన సాక్ష్యం అదొక్కటే."