ఆర్మూర్ బజారుకు జపాన్ మీదుగా

జపాన్ సముద్రపు ఒడ్డున సైకిల్ తొక్కాలనుకునే ఆడవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా: మొగుడికి బ్యాటరీ సైకిల్ ఇప్పించండి. ఎందుకన్నది చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మా ఇంటాయన రాజేశానికి ఆర్మూర్‌లో విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. సీజన్‌లో పసుపు కమీషన్ వ్యాపారం కూడా చేస్తాడు. అమ్మకాలు బాగా చేసిన డీలర్లను ఒక మందుల కంపెనీ ఏటా విదేశాలకు తిప్పుతుంది. ఇంతకుముందు రెండుసార్లు బ్యాంకాక్ తీసుకుపోయింది. అక్కడేం చూశారని అడిగితే రెండుసార్లూ గుళ్లు చూశామన్నాడు. ఈసారి జపాన్ అనీ, భార్యాభర్తలిద్దరూ రావాల్సిందేననీ తెలియగానే ముఖం మాడ్చుకున్నాడు. భార్యకు బదులు బావమరిదిని తెచ్చుకోవచ్చా అని కంపెనీకి ఫోన్ చేసి మరీ అడిగాడు. కుదరదన్నారు. నాకు పాస్‌పోర్టు అలా వచ్చింది.

టూరు కాగితంలో ఒక మూలన చిన్న అక్షరాలతో ఒక సంగతి ఉంది. ఒనోమిచి అనే ఊరి నుంచి ఇమబరి అనే ఊరికి దీవుల మీదుగా, వంతెనల మీదుగా సైకిల్ దారి ఉందట. సుమారు డెబ్బై కిలోమీటర్లు. ఇష్టమున్నవాళ్లు రెండు రోజులు తీరిగ్గా చూసుకుంటూ, తొక్కుకుంటూ రావచ్చు, మిగతావాళ్లు రెండో రోజు బస్సులో వచ్చి కలుసుకుంటారు. ఆ మూలను నేను గోటితో గీసి పెట్టుకున్నాను.

సైకిల్ నాకు కొత్తేమీ కాదు. మోకాళ్ల నొప్పులకు డాక్టరు తొక్కమంటే నలభై ఆరేళ్ల వయసులో నేర్చుకున్నాను. అయితే ఆర్మూర్‌లో కాదు. సేటు భార్య బజారులో సైకిల్ మీద కనిపిస్తే దుకాణం దివాలా తీసిందనుకుంటారట. అందుకని నా సైకిల్ పెర్కిట్‌లో మా చెల్లె లత ఇంట్లో ఉండాలి. తెల్లవారుజామున ఆటోలో అక్కడికి పోయి, జనం లేవకముందే హైవే పక్క రోడ్డు మీద తొక్కి, మళ్లీ ఆటో ఎక్కి ఇంటికి రావాలి. దొంగలు ఇళ్లకు పోయే వేళకు నేను బయల్దేరేదాన్ని. ఏడాదిగా ఇదే తంతు.

ఒకరోజు లత ఇంట్లో చాయ్ తాగుతూ ఈ జపాన్ సైకిల్ సంగతి నేను ఎత్తాను. మా ఇంటాయన సాసర్ కింద పెట్టి పకపకా నవ్వాడు.

"గా జపాన్ల మొత్తం తొక్కి సూపెట్టు. అటెన్క ఆర్మూర్ బజార్ల పట్టపగలు తొక్కినా నేనేమనను."

లత, ఆమె భర్త అక్కడే ఉన్నారు. నవ్విన మనిషి మాట మరిచిపోతాడేమో గానీ విన్న మనిషి మరిచిపోదు. నేను మర్నాటి నుంచి రోజూ ఇంకాస్త ఎక్కువ దూరం తొక్కడం మొదలుపెట్టాను.

నవంబరులో, మక్కజొన్నల పని కాస్త సద్దుమణిగాక బయల్దేరాం. సాయంత్రం బస్సులో హైదరాబాద్, అర్ధరాత్రి విమానం, బ్యాంకాక్‌లో ఇంకో విమానం. అక్కడ ఆగిన నాలుగు గంటలూ ఆయన అద్దాల్లోంచి ఆ ఊరిని చూసినట్టు నన్ను పెళ్లిచూపుల్లో కూడా చూడలేదు. ఒసాకాలో దిగి బుల్లెట్ రైలెక్కాం. రైలు ఎంత వేగంగా పోతుందో చెప్పను గానీ, కమ్మర్‌పల్లి డీలర్ భార్య విప్పిన చింతకాయ తొక్కు వాసన అంతకన్నా వేగంగా పెట్టె అంతా పాకింది. జపాన్‌వాళ్లు మర్యాదస్తులు. ఒక్కరూ ముక్కు మూసుకోలేదు. మెల్లగా లేచి వేరే పెట్టెలోకి పోయారు.

ఒనోమిచిలో హోటల్ గదులు మన బీరువాలంత ఉంటాయి. ఒకరు లేచి నిలబడాలంటే ఇంకొకరు పడుకోవాలి. సాయంత్రం పక్కనున్న దుకాణానికి పోతే ఫ్రిజ్‌లో చిన్న డబ్బాల మీద పసుపు కొమ్ము బొమ్మ కనిపించింది. అది పసుపు పానీయమేననీ, ఇక్కడ మందు కొట్టే ముందు దీన్ని తాగుతారనీ, తాగితే తెల్లారి తలనొప్పి రాదని నమ్ముతారనీ మా టూరు మేనేజర్ అన్వర్ చెప్పాడు. మా ఇంటాయన ఒకటి తెరిచి నాలుక మీద వేసుకున్నాడు, రాశిలోంచి కొమ్ము తీసి విరిచి చూసినంత గంభీరంగా. గిండ్ల పసుపెక్కడుందని పెదవి విరిచాడు. విరిచి, నాలుగు డబ్బాలు కొన్నాడు. ఇలాంటి దేశం ఉందని తెలియక బ్యాంకాక్‌లో కాలం వృథా చేశానన్న బాధ ఆయన ముఖంలో స్పష్టంగా కనిపించింది.

మర్నాడు ఉదయం ఎనిమిదికి రేవు పక్కన సైకిళ్లు అద్దెకిచ్చే చోటికి పోయాం. మా గుంపంతా హిరోషిమా చూడ్డానికి బస్సెక్కింది. సైకిల్ వైపు వచ్చింది మేమిద్దరమే, మమ్మల్ని సైకిలెక్కించి పోదామని అన్వర్ ఆగాడు. నేను ముందు బుట్ట ఉన్న మామూలు గేర్ల సైకిల్ తీసుకున్నాను. ఆయన ఎందుకొచ్చాడంటే, నేను మధ్యలో చతికిలబడితే కళ్లారా చూడాలని. బ్యాటరీ సైకిల్ ఉందని తెలియగానే ముఖం వెలిగిపోయింది. కౌంటర్‌లో అమ్మాయి బొమ్మల కాగితం చూపించి ఏవో నియమాలు చెబుతుంటే, అన్వర్ పక్కనే నిలబడి తెలుగులో చెబుతుంటే, మా ఇంటాయన ఆర్మూర్‌లో గుమాస్తాకు ఫోన్ కలిపి పసుపు డబ్బాల సంగతి చెబుతున్నాడు. మనవైపు అప్పటికింకా తెల్లారలేదు. నిద్రలో ఉన్న గుమాస్తా ప్రతి మాటకూ సరే సేటూ అంటున్నాడు. ఇక్కడ అమ్మాయి చెప్పినదానికి ఈయన తలూపుతున్నాడు. నేను మాత్రం అన్నీ విన్నాను. విని ఊరుకున్నాను.

ముందు పడవలో అవతలి దీవికి దాటాలి. మెండోర దగ్గర శ్రీరాంసాగర్‌లో తెప్ప మీద పోయినంతసేపు కూడా పట్టదు. దిగగానే రోడ్డు అంచున నీలం గీత ఉంటుంది. దాన్ని పట్టుకుని పోతే చాలు, ఇమబరి వస్తుంది. దారి తప్పడానికి చాలా తెలివి కావాలి.

ఆయన సైకిలెక్కి కూర్చుని హ్యాండిల్ తిప్పాడు. కదల్లేదు. మళ్లీ తిప్పాడు. బ్యాటరీ ఉంటే స్కూటీలా దానంతటదే పోతుందనుకున్నాడు మహానుభావుడు. తొక్కితేనే బ్యాటరీ సాయం చేస్తుందని నేను చెప్పాను.

"తొక్కుడే అయితే గిది ఎందుకు మరి?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జపాన్ మొత్తంలో జవాబు చెప్పగలవాళ్లు లేరు. సముద్రం ఒకవైపు, కొండవాలున నారింజ తోటలు ఒకవైపు. ఒక వంతెనకు కార్లు పైన, సైకిళ్లు కింద. వంతెన ఎక్కడానికి దారి మెలికలు తిరుగుతూ పోతుంది. ఆ ఎక్కుడులో ఒక ముసలమ్మ బుట్టలో ఉల్లికాడలు వేసుకుని, మా ఇంటాయనను దాటి, వెనక్కి తిరిగి తల వంచి నమస్కారం పెట్టి పోయింది. దాటినందుకు క్షమించమన్నట్టుంది. ఆయన తిరిగి నమస్కారం పెట్టబోయి హ్యాండిల్ వదిలాడు, గడ్డిలో పడ్డాడు. నేను నవ్వలేదని చెబితే మీరు నమ్మరు.

దారిలో మనిషి లేని నారింజల బండి ఒకటి కనిపించింది. సంచి తీసుకుని డబ్బాలో డబ్బులు వేయాలి. జపాన్ పోయొచ్చినవాళ్లంతా ఆ నిజాయితీ గురించి రాశారు కాబట్టి నేను రాయను. మా ఇంటాయన బండి చుట్టూ తిరిగి, కిందికి వంగి, చెట్టు మీద చూసి, కెమెరా ఎక్కడ పెట్టారో వెతికిన సంగతి మాత్రం రాస్తాను. దొరకలేదు. డబ్బులు వేశాడు గానీ, చాలాసేపు మనసు మనసులో లేదు.

మధ్యాహ్నం మూడింటికి సెతొదా అనే చిన్న ఊరు చేరాం. నిమ్మకాయ ఐస్‌క్రీం తిన్నాం. దానికి ఎంత దూరమైనా పోవచ్చు. మేం రాత్రి ఉండాల్సింది అక్కడే. మా ఇంటాయన సైకిల్ పెట్టడానికి అక్కడి అద్దె సైకిళ్ల చోటికి పోతే ఆ మనిషి బ్యాటరీ చూసి, గడియారం చూసి, చేతులు అడ్డంగా పెట్టి బొమ్మల కాగితం ముందు పెట్టాడు. ఈయనకు తల తోక అర్థం కాలేదు. అన్వర్‌కు ఫోన్ చేశాం.

"పొద్దున రెండుసార్లు చెప్పిన అంకుల్. బ్యాటరీ సైకిల్ తీసుకున్న కాడనే, సాయంత్రం లోపల ఇచ్చెయ్యాలె. ఆంటీ సైకిల్ అయితే ఇమబరిల ఇచ్చినా నడుస్తది."

ఒనోమిచికి తిరిగిపోయే పడవ కాసేపట్లో ఉంది, సైకిళ్లను కూడా ఎక్కిస్తారు. మా ఇంటాయన ముఖంలో మొదట దిగులు, తర్వాత మెల్లగా సంతోషం.

"అయితే ఇద్దరం వాపస్ పోదాం. రేపు బస్సుల పోదాం."

"మీ సైకిల్ పోవాలె. నా సైకిల్‌ను ఎవరన్న పొమ్మన్నరా?"

"ఒక్కదానివి ఎట్ల పోతవ్? నీకు గీళ్ల భాష రాదు."

"మీకొచ్చిందా పొద్దున?"

ఆయనకు కోపం రాలేదు. అదే నాకు కష్టమైంది. నిజామాబాద్‌కు కూడా ఒక్కదానివి పోలేదు కదా సుజాతా, అని మెల్లగా అన్నాడు. నిజమే. పోలేదు. పోనిచ్చిందెవరు? అది అనలేదు. అని పోట్లాటకు కూర్చుంటే పడవ పోతుంది.

పడవ కదిలాక ఒడ్డున నిలబడితే భయమేసింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. భాష రాదు, మనిషి తెలియదు, నేను తినని చేప అన్నంలో ఉందో లేదో అడగడం చేతకాదు. ఆయన ఉంటే అడిగేవాడా అని ఆలోచించాను. అడగడు, నన్నే అడగమంటాడు. దాంతో కాస్త ధైర్యమొచ్చింది. సత్రంలో పెద్దావిడ నేను చేప బొమ్మ గీసి కొట్టేస్తే అర్థం చేసుకుని, తెల్లన్నంలో ఎర్రటి ఊరగాయ పెట్టింది. కారం లేని ఊరగాయ. పాపం, వాళ్లకు తెలియదు. నా సంచిలోంచి కొంచెం కారప్పొడి ఆమెకు పెట్టాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

రెండో రోజు ఏడింటికే సైకిలెక్కాను. ఒక పెద్ద వంతెన స్తంభం కింద చప్పట్లు కొడితే శబ్దం పైదాకా పోయి మోగుతుంది. నేను కొట్టాను. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మళ్లీ కొట్టాను. తర్వాత దీవిలో ఉప్పు ఐస్‌క్రీం అమ్ముతారు, అది మాత్రం తినకపోయినా నష్టం లేదు. ఆఖరి దీవిలో రోడ్డు కొండెక్కింది. మోకాళ్లు మొరాయించాయి. దిగి నడిచాను. ఎదురుగా బస్సు స్టాపు, నీడ, బెంచీ. కూర్చున్నాను. ఫోన్ మోగింది.

"తిప్పలెందుకు? బస్సెక్కి ఇమబరిల దిగు. తొక్కినవనే చెప్త అందరికి. ఎవ్వరికి తెల్వది."

"మీ బ్యాంకాక్ గుళ్ల లెక్కనా?" అన్నాను.

ఫోన్ కట్టయింది. బస్సు నిజంగానే వచ్చింది. డ్రైవరు తలుపు తెరిచి నా వైపు చూశాడు. ఎక్కాలనిపించింది. చాలా అనిపించింది. అప్పుడు పెర్కిట్‌లో ఆ చీకటి రోడ్డు, తెల్లారేలోగా ఇల్లు చేరాలని వెతుక్కునే ఆటో గుర్తొచ్చాయి. చెయ్యి ఊపి పొమ్మన్నాను. వాడు తల వంచి పోయాడు.

ఆఖరి వంతెన సముద్రం మీద ఎంతకూ తెగదు. కింద సుడులు, పక్కన బస్సులు. సగం దాటాక ఒక బస్సు హారన్ కొట్టింది. మా బస్సే. కిటికీలోంచి కమ్మర్‌పల్లి ఆవిడ రెండు చేతులూ ఊపింది. మా ఇంటాయన పక్క సీట్లోనే ఉన్నాడు. చాలా శ్రద్ధగా అవతలి వైపు సముద్రాన్ని చూస్తున్నాడు.

నాలుగు దాటాక ఇమబరిలో సైకిల్ అప్పగించాను. దాని సీటు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. ఏడుపొచ్చింది. అక్కడివాళ్లు నొప్పి అనుకుని మంచినీళ్లిచ్చారు.

తర్వాత వేడినీళ్ల బుగ్గలూ కోటలూ చూశాం. వాటి గురించి టూరు కాగితంలోనే బాగా రాశారు. నాకు ఆసక్తిగా అనిపించింది మా ఇంటాయన కథ. బస్సులో అది "సుజాత తొక్కింది". ఒసాకాకు వచ్చేసరికి "మేం తొక్కినం". హైదరాబాద్‌లో దిగేసరికి "నేనే తొక్కించిన".

హైదరాబాద్ నుంచి వచ్చే బస్సు మమ్మల్ని పెర్కిట్‌లో దింపేసరికి పగలు పదకొండు. లత ఎదురొచ్చింది, నా సైకిల్‌ను తుడిచి, గాలి కొట్టించి పట్టుకుని. ఆయన సూట్‌కేసులు ఆటోలో పెట్టిస్తూ సైకిల్‌ను చూశాడు.

"గది జపాన్ సుజాతా. గిది ఆర్మూర్. ఆడ నువ్వెవరో ఎవ్వరికి ఎరుక? ఈడ నలుగురు సూస్తరు."

"నలుగురు సూడాల్ననే గదా గంత దూరం తొక్కిన," అన్నాను. లత నోరు మూసుకుని నవ్వింది. ఆయన ఆటోలో సూట్‌కేసుల మధ్య కూర్చున్నాడు. నేను సైకిలెక్కాను.

పెర్కిట్ నుంచి మా ఇంటికి మూడు కిలోమీటర్లుంటుందేమో. ఒక్క వంతెన లేదు, ఎక్కుడు లేదు. అయినా ఈ దారే కష్టంగా ఉంది. మక్కల లారీలు, మేకలు, బండ్లు, అన్నిటికీ మించి కళ్లు. చాయ్ బండి దగ్గర ఎవరో నవ్వారు. నవ్వలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? మా దుకాణం ముందు కూర్చున్న మెండోర రైతులు లేచి నిలబడ్డారు. గుమాస్తా తూకం రాళ్లు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చెమట పట్టింది, చున్నీ జారింది, ఒకచోట బెల్లు కొట్టబోయి బ్రేకు కొట్టాను. కానీ దిగలేదు.

ఇంటికి చేరితే తలుపుకు తాళం. తాళంచెవి ఆయన దగ్గర. మెట్ల మీద కూర్చున్నాను. చుట్టుపక్కలవాళ్లు ఒక్కొక్కరే వచ్చి సైకిల్‌నీ నన్నూ చూసి జపాన్ ఎట్లుందని అడిగారు. మంచి దేశమనీ, మోకాళ్లు బాగుంటే వెళ్లి రమ్మనీ చెప్పాను. ఆటో చాలా ఆలస్యంగా వచ్చింది. సైకిల్ వెనకాల వస్తే బాగుండదని సేటు ఊరి బయట నుంచి తిప్పి తీసుకురమ్మన్నాడట, డ్రైవరే చెప్పాడు.

ఆయన తలుపు తీసి, సైకిల్‌ను లోపల పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. ముందర, దారినపోయేవాళ్లందరికీ కనిపించేచోట స్టాండు వేశాను. తాళం మాత్రం వేశాను. ఇది జపాన్ కాదు కదా, మా ఇంటాయనే చెప్పాడు.