సూది తర్వాత అరగంట

నా కుడికాలి బొటనవేలిని మా బర్రె తొక్కింది. తొక్కిన సంగతి నాకు తెలియనే లేదు. పాలు పితికి లేచి చూసుకుంటే చెప్పు నిండా రక్తం. మా ఆయన కంగారుపడ్డాడు గాని, నొప్పి లేదు కదా అని నేను ఇంత పసుపు అద్ది ఊరుకున్నాను. నొప్పి లేకపోవడమే అసలు రోగమని, షుగర్‌తో కాలు మొద్దుబారిందని నెలన్నర తర్వాత నెల్లూరులో డాక్టరమ్మ చెప్పింది. అప్పటికి ఆ పుండు మానకపోగా చుట్టూ నల్లబడింది.

"పదకొండేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చారు. ఇక వాటి వల్ల కాదు, ఇన్సులిన్ మొదలుపెడదాం. షుగర్ దిగితేనే ఈ పుండు మానుతుంది. మానకపోతే వేలు తీయాల్సి వస్తుంది" అంది ఆమె, నా రిపోర్టుల మీంచి తల ఎత్తకుండానే.

నేను కూరగాయల బేరం మొదలుపెట్టాను. "ఇంకో బిళ్ల కలపండి మేడం. పొద్దున రెండు, రాత్రి రెండు మింగతా. కాకరకాయ రసం తాగతా. అన్నం మానేస్తా."

"అన్నం మానేస్తానని మీరు నాకు నాలుగేళ్లుగా చెప్తున్నారు" అంది.

సూదంటే నాకు భయం లేదు. ఆ మాటంటేనే భయం. మా కొడవలూరు వైపు ఇన్సులిన్ అనే మాట గొంతు తగ్గించి అంటారు. "పాపం, ఆమెకు సూది పడిందంట" అంటే, ఇంక ఎన్నాళ్లో లేదని అర్థం. బుగ్గన చెయ్యి పెట్టుకుని అట్లా అన్నవాళ్లలో నేనే ముందుండేదాన్ని. ఇప్పుడు నా గురించి ఎంతమంది బుగ్గలు నొక్కుకుంటారోనని తలచుకుంటేనే ఒళ్లు మండిపోయింది.

మా ఆయన మాత్రం హుషారుగా ఉన్నాడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసి రిటైరైన మనిషి. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన సూది పడని బర్రె లేదు. సూది ఎట్లా వేసుకోవాలో నేర్పడానికి నర్సమ్మాయి సిరంజి తీసి చూపిస్తుంటే చేత్తో వారించాడు. "నాకు చెప్పే పన్లేదమ్మా. ముప్పై రెండేళ్ల సర్వీసు" అన్నాడు. ఏ ఆసుపత్రి సర్వీసో చెప్పలేదు. ఆ పిల్ల "అలాగా సార్" అని గౌరవంగా లేచి నిలబడింది. పాపం, తన వంతుగా గబగబా ఏవో జాగ్రత్తలు చెప్పింది. మా ఆయన తల ఊపాడు గాని ఒక్కటీ విన్లేదని తర్వాత తేలింది.

మర్నాడు పొద్దున ఆరింటికి నన్ను వసారాలో స్టూలు మీద కూర్చోబెట్టాడు. జాకెట్టు చెయ్యి పైకి మడిచాడు. సిరంజి చూసి, "ఇదేం సూది, దోమ ముక్కంత లేదు" అని పెదవి విరిచాడు. తర్వాత నా జబ్బ మీద చెళ్లుచెళ్లున రెండు దెబ్బలు కొట్టి, "హోయ్ హోయ్, ఉండుండు" అంటూ కసుక్కున పొడిచి, సూది తీసి, ఆ చోటును అరచేత్తో బరబరా రుద్దేశాడు.

"ఏందయా అది! మనిషికి వేస్తాండావా, బర్రెకా?" అని అరిచాను.

"అలవాటు మే. కొడితే సూది దిగింది తెలీదు. రుద్దితే మందు బాగా పాకుతాది" అన్నాడు తృప్తిగా. నిజం చెప్పొద్దూ, సూది దిగింది నాకు తెలియలేదు. దెబ్బలే మండుతున్నాయి.

తర్వాత నా పనిలో నేను పడ్డాను. పాలు కేంద్రానికి పంపి, కొట్టం ఊడ్చి, మా అత్తకు టీ ఇచ్చేసరికి ఏడున్నర. ఆయన్ని ఎవరో బర్రె ఈనడం లేదని పిలుచుకుపోయారు. ఎనిమిది దాటాక వచ్చాడు. అత్తకు పెట్టాను. ఆయనకు దోసె మీద దోసె వేస్తున్నాను. నేను తినేది అందరూ తిన్నాకే. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అంతే.

పెనం ముందు చేతులు వణకడం మొదలైంది. వీపంతా చెమట. ఎక్కడలేని కోపం వచ్చింది. నా కోపం సంగతి ఊరంతటికీ తెలుసు గనక దాన్నెవరూ రోగం అనుకోలేదు. "దోసె కొంచెం మందమైంది" అన్నాడు ఆయన. అట్లకాడ ఆయన మీదికి విసిరేశాను. ఆ వెంటనే మోకాళ్లు మడతపడి కింద కూలబడ్డాను.

ఆయన ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చి, నా కింది రెప్ప లాగి చూసి, "అమా! ఈనిన బర్రె పడినట్టే పడిపోయింది! బెల్లం తే, బెల్లం!" అని కేక పెట్టాడు. అత్త తెచ్చిన బెల్లం నీళ్లలో నలిపి, నా గడ్డం పైకెత్తి, కొంచెం కొంచెంగా తాగించాడు. పది నిమిషాలకు కళ్లు తేటపడ్డాయి. నోరు తిరగ్గానే నేనన్న మొదటి మాట, "మళ్లీ బర్రె అన్నావంటే చూడు" అని.

నర్సమ్మాయికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల గొంతు ఫోన్ బయటికి కూడా వినబడింది. "వేసిన చోట రుద్దకూడదని, అరగంటలో కచ్చితంగా తినిపించాలని చెప్పినా కదా సార్! మీరు ఏ ఆసుపత్రిలో చేసినారు?" మా ఆయన తల దించుకుని చెప్పాడు. ఆ పిల్ల జాగ్రత్తలన్నీ మొదటి నుంచీ మళ్లీ చెప్పి, ఒక్కొక్కటీ ఆయన చేత తిరిగి చెప్పించుకుంది.

నేనా సందు వదలలేదు. "ఇంక నాకీ సూదులొద్దు. వేలు పోతే పోనీ. ఇంకా తొమ్మిదుండాయి" అన్నాను.

ఎప్పుడూ ఏదో ఒక మాటకు మాట అంటించే మనిషి ఆ రోజు నా కాలి కట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. "గిట్ట కుళ్లిన గొడ్లను ఎన్నిటినో చూసినా. వేలుతో ఆగదు మే అది. నిన్నట్టా చూడ్డం నా వల్ల కాదు" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. అంతవరకు వేలి గురించి నేను వేళాకోళంగానే మాట్లాడుతున్నాను. అప్పుడు నిజంగా భయం వేసింది. నడవకుండా మంచాన ఉండటం నేను తట్టుకోలేను.

మర్నాడు దెబ్బలు లేవు, రుద్దడం లేదు. "వేస్తాండా" అని మర్యాదగా చెప్పి వేశాడు. గోడ గడియారం దింపి ఒళ్లో పెట్టుకున్నాడు. సరిగ్గా ఇరవై నిమిషాలకు తనే చేసిన ఉప్మా ప్లేటులో తెచ్చి నా ముందు పెట్టాడు. అడుగంటిన వాసన.

"తిను."

నాకు చెయ్యి ఆడలేదు. ఆయన తినలేదు, అత్త తినలేదు. ముందు తినొద్దని ఈ ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. మా అమ్మ అట్లా చేసేది, అత్త అట్లా చేసేది, నేనూ చేశాను. పైగా అందరికీ పెట్టి తింటానని నాకదో గొప్ప. వంటింటి గడపలో నిలబడి అత్త నన్నే చూస్తోంది. ఆమె ఏమనుకుంటోందోనని సిగ్గుతో చచ్చిపోయాను. గోడ వైపు తిరిగి, దొంగతిండి తిన్నట్టు గబగబా తినేశాను.

వారం పాటు గోడ వైపే. రెండో వారం ఇటు తిరిగాను. ఎదురింటామె వచ్చి, "ఏందక్కా, మొగుడి కంటే ముందే తినేస్తాండావంట?" అని బుగ్గ నొక్కుకుంది. "అవును, చేసి పెట్టేది కూడా ఆయనే. నీ మొగుడికి నేర్పించమంటావా?" అన్నాను. నెల తిరిగేసరికి, "ఏందయా, ఉత్త ఉప్మానేనా, చట్నీ యాడ?" అని కేకలేసే దాకా వచ్చాను. సూది నేనే పొట్ట మీద వేసుకోవడం నేర్చుకున్నాను. ఆ పని పోయినందుకు మా ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

పుండు మాత్రం నిదానంగా మానింది. కట్టు మార్చినప్పుడల్లా నలుపు ఎంత తగ్గిందా అని వెతుక్కునేదాన్ని. మూడో నెల చివర్లో డాక్టరమ్మ కట్టు విప్పి, వేలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక కట్టు అక్కర్లేదు. వేలు దక్కింది" అంది. నేను అక్కడే ఏడ్చేశాను. మా ఆయన ఆమెకు రెండు చేతులా దండం పెట్టాడు.

ఇంటికి రాగానే అత్త నన్ను మంచం మీద కూర్చోమంది. వద్దంటున్నా వినకుండా నా కాలు తన ఒళ్లో పెట్టుకుంది. కొత్త చర్మాన్ని వేలితో తడిమి తడిమి చూసింది.

"మా అమ్మకూ ఇట్టాంటి పుండే లేచింది. షుగరని అప్పుడెవురికి తెలుసు? ఇంటెడు మంది తిన్నాక గిన్నె అడుగునుంటే తినేది, లేకుంటే లేదు. మోకాలి దాకా తీసేసినారు. నాకప్పుడు పన్నెండేళ్లు" అంది.

ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున సూది వేసుకుని నేను తినడానికి కూర్చున్నాను. అత్త తన పీట ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన వేసుకుంది.

"రేయ్, నాకూ పెట్టు" అంది కొడుకుతో.

ఆయన గరిటె పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. "నీకు షుగర్ లేదు కదమా?" అన్నాడు.

"ఆకలుండాది కదరా. పొద్దున్నే ఏస్తాది నాకు. కాపురానికి వచ్చినకాడి నుంచీ ఏస్తానే ఉండాది."