గండికోటలో నిద్రపోయిన ఫ్రిజ్

తాళం వేసిన కారు తలుపును ఇంకోసారి లాగి చూస్తే గానీ నాకు మనసు నిలవదు. అలాంటి నేను కరెంటు కారునూ, దానికి తగిలించే చిన్న ఫ్రిజ్‌నూ నమ్మి గండికోటలో గుడారం వేయడం శుద్ధ తెలివితక్కువ పని.

కారుకు తాళం పడితే ఫ్రిజ్‌కు కరెంటు ఆగిపోతుందని కారు పుస్తకంలో ఉందట. నేను పుస్తకం చదవలేదు, తాళం మాత్రం శ్రద్ధగా వేశాను. మధ్యాహ్నానికి ఫ్రిజ్‌లో మజ్జిగ పులిసింది, కోడికూర కంపు కొట్టింది, తాగే నీళ్లు కాగాయి.

బద్వేలులో ఎరువుల కొట్టు నడిపే మా బావమరిది చేపలవాళ్ల థర్మోకోల్ పెట్టె నిండా ఐసు తెచ్చుకున్నాడు. బయల్దేరేటప్పుడు దాన్ని చూసి నవ్వింది నేనే. ఇప్పుడు ఆయన దాని పక్కనే రాజాలా కూర్చున్నాడు.

"ఏం బావా, నీ ఫ్రిజ్ శానా బాగుండాదే, నీళ్లు కాంచుకునేదానికి! సల్లటి నీళ్లు కావాల్నా? అందరికీ ఇనపడేట్లు అడుగు."

అడిగాను. ఐసు కరిగేదాకా ఉండే గొప్పతనం ఆయనది.

ఈ వేసవిలో వాళ్లింటికి పోయిన రోజు బద్వేలులో కరెంటు లేదు, ఐసూ దొరకలేదు. ఈసారి తాళం జోలికి పోకుండా కారు ఆన్‌లోనే ఉంచి, కొట్టు ముందే ఫ్రిజ్ తెరిచి అందరికీ చల్లని మజ్జిగ పోశాను. బావమరిది గ్లాసు చాపాడు.

"గ్లాసులో పోయనప్పా. నీ పెట్టె తెచ్చుకో."

ఎరువులకొచ్చిన రైతులు చూస్తుండగా ఖాళీ థర్మోకోల్ పెట్టెను రెండు చేతులా మోసుకొచ్చాడు. దాని అడుగున ఒక్క గ్లాసు మజ్జిగ పోశాను.