ఎవరూ వెయ్యని గడియ

మా పెద్దమ్మ పోయింది. ఫోను వచ్చేసరికి నేను బోడుప్పల్‌లో మా ఇంట్లో పిల్లల లంచ్ బాక్సులు సర్దుతున్నాను. పెద్దమ్మకు ఒక్కతే కూతురు, మా అక్క. "అమ్మ లేదే" అని పెట్టేసింది. పొద్దున లేపితే లేవలేదట. దవాఖానా దాకా పోవాల్సిన పనే లేకపోయింది.

చర్చిలో పాస్టరుగారు ఆమె ఆతిథ్యం గురించి మాట్లాడారు. వచ్చినవాళ్ళను కడుపులో పెట్టుకుని చూసిన తల్లి అన్నారు. అందరూ తలలూపారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంటికొచ్చిన పిల్లను ఎట్లా చూసుకోవాలో నీకు తెలియదని ఒకప్పుడు ఆమె మొహం మీదే చెప్పి పోయారు. ఆ రోజు తలలూపినవాళ్ళలో కొందరు ఈ రోజు కూడా ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

పదో తరగతి అయ్యాక మా అమ్మ నన్ను జనగామ నుంచి తెచ్చి నాచారంలో పెద్దమ్మ ఇంట్లో దింపింది, ఇంటర్ చదువుకోమని. హాలు, వంటిల్లు, మధ్యలో ఒక గది, అంతే ఇల్లు. పెద్దనాన్న అక్కడి ఫ్యాక్టరీలోనే షిఫ్టులు చేసేవాడు. అక్క నాకంటే కొన్ని నెలలు పెద్ద, ఇంగ్లీషు మీడియం స్కూల్లో పదకొండో తరగతి.

పెద్దమ్మకు ఒక అలవాటు. ఎవరైనా తలుపు మూసుకుంటే చాలు, స్నానానికైనా సరే, కాసేపు చూసి వచ్చి తట్టేది. "ఉన్నవా బిడ్డా?" అనేది. లోపలి నుంచి "ఉన్న" అనాలి. అనేదాకా కదిలేది కాదు. తల మీద నీళ్ళు పోసుకుంటూ, నోట్లో బ్రష్షు పెట్టుకుని, ఎట్లా ఉన్నా "ఉన్న" అనాల్సిందే. "లేను పెద్దమ్మా, ఉప్పల్ పోయిన" అని ఒకసారి ఏడిపించాను. నవ్వలేదు. ఆ పూట నాతో మాట్లాడలేదు.

ఎందుకో తర్వాత పెద్దనాన్న చెప్పాడు. నేను రాకముందు అదే గల్లీలో ఒక పిల్ల, ఇంటర్ రిజల్ట్ వచ్చిన రోజు, గదిలోకి పోయి గడియ వేసుకుంది. తలుపు పగలగొట్టినవాళ్ళలో పెద్దమ్మ ముందుంది. అప్పటికే ఆలస్యమైంది. నేను మళ్ళీ ఆ విషయంలో ఆమెను ఆటపట్టించలేదు.

ఆ ఏడే అక్క వాళ్ళ స్కూలుకు ఒక సంస్థవాళ్ళు వచ్చారు. విదేశం నుంచి వచ్చే విద్యార్థిని ఏడాది పాటు ఇంట్లో పెట్టుకుంటే, మరుసటి ఏడాది ఆ ఇంటి పిల్ల అక్కడికి పోయి ఒక కుటుంబంతో ఉండి చదువుకోవచ్చు. అక్క అన్నం మానేసి మరీ ఒప్పించింది. మధ్యగదికి సున్నం వేయించారు, కొత్త మంచం వచ్చింది. మేమిద్దరం చాపలతో హాల్లోకి మారాము. జర్మనీ పిల్ల దిగింది.

ముందు వారాలు పండగే. ఎన్నడూ గడప తొక్కని బంధువులు మల్కాజిగిరి నుంచి, కాప్రా నుంచి వచ్చి ఆ పిల్లతో ఫోటోలు దిగారు. పెద్దమ్మ వాళ్ళందరికీ చాయ్ పోసి, ఆ పిల్లకు సర్వపిండి చేసేది. పిండి మీద వేలితో చిల్లులు పెట్టడం ఆ పిల్లకు నేర్పింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా వంటింట్లో కూర్చుని ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. "జర సూడు, మాడుతది" అని పెద్దమ్మ అంటే, "మాడుతది, మాడుతది" అని ఆ పిల్ల పెనం దించేది. నాకు కుళ్ళుగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

ఒక సాయంత్రం ఇంటి నుంచి ఫోను వచ్చాక ఆ పిల్ల మధ్యగదిలోకి పోయి గడియ పెట్టుకుని ఏడ్చింది. పెద్దమ్మ తట్టింది. "ఉన్నవా బిడ్డా?" జవాబు లేదు. మళ్ళీ తట్టింది. చెవుల్లో పాటలు పెట్టుకుందో ఏమో, ఆ పిల్ల పలకలేదు. పెద్దమ్మ తలుపును భుజంతో గుద్దడం మొదలుపెట్టింది. చివరికి ఆ పిల్ల తీసి, బిత్తరపోయి చూసింది. పెద్దమ్మ ఆమెను పట్టుకుని, చెమటలు కారుతూ, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

మర్నాడు పిల్లలమందరం బళ్ళకు పోయాక చెక్కపని చేసే వడ్లాయనను పిలిపించి ఆ గడియ ఊడబీకించింది.

సాయంత్రం ఆ పిల్ల తలుపు వైపు, తర్వాత అక్క వైపు చూసింది. పెద్దమ్మ అక్కతో అంది, "మన గల్లీల ఆ పోరి సంగతి జెప్పు. ఎందుకు తీసిన్నో జెప్పు. అర్థం జేసుకుంటది."

అక్క చెప్పలేదు. మా గల్లీలో జరిగింది ఒక విదేశీ పిల్లకు చెప్పడానికి ఆమెకు సిగ్గయింది. రిపేరుకు పోయింది, వస్తుంది అని ఇంగ్లీషులో అంది. పెద్దమ్మ ఆ పిల్ల మొహం చూసి, "అర్థమైంది పాపం" అని తృప్తిపడి రొట్టెలు చేయడానికి పోయింది.

రిపేరుకు పోయిన గడియ ఎన్నాళ్ళకూ రాకపోతే ఆ పిల్ల మాత్రం ఏమనుకుంటుంది? సంస్థకు ఫిర్యాదు చేసింది. ఒక మేడం వచ్చి మధ్యగది తలుపు తెరిచి, మూసి చూసింది. పెద్దమ్మ ఆమెకు మొదటి నుంచి చివరి దాకా అంతా చెప్పుకుంది, ఏడుస్తూ. ఆ మేడం తెలుగు మనిషే. అంతా విని, "ఇవన్నీ వాళ్ళకు అర్థం కావు ఆంటీ. మీకు పిల్లను పెట్టుకోవడం తెలియదు" అని లేచింది. గుమ్మంలో మూగిన ఇరుగుపొరుగువాళ్ళు తలలూపారు. వారం తిరగకుండా సికింద్రాబాద్ వైపు ఒక డాక్టరుగారి ఇల్లు ఖాయం చేశారు. అక్క పేరు మరుసటి ఏడు పోయేవాళ్ళలోంచి తీసేశారు.

ఆ పిల్ల సామాను కోసం వచ్చే రోజు పెద్దమ్మ పొద్దున్నే ఉప్పల్ పోయి, హార్డ్‌వేర్ షాపులో అన్నిటికంటే బరువైన ఇత్తడి గడియ తెచ్చి, దగ్గరుండి బిగించింది. పిల్ల రాగానే చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకుపోయింది. "సూడు బిడ్డా, పెట్టిచ్చిన. నీ ఇష్టం, ఎంతసేపన్న ఏసుకో. నేను తట్ట" అంది. అని, వేసి చూపించింది, తీసి చూపించింది. ఆ పిల్ల పెద్దమ్మను వాటేసుకుని ఏడ్చింది. బయట కారు హారన్ కొడుతోంది. అక్క హాల్లో గోడవైపు తిరిగి నిలబడింది.

ఏడాది చివర స్కూల్లో వీడ్కోలు సభ పెట్టారు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయి చివరి వరసలో కూర్చుంది. ఆ పిల్ల స్టేజీ మీద తెలుగులో మాట్లాడింది. "నాకు మస్తు సంతోషమైతుంది. మీరు జర గుర్తుపెట్టుకోండ్రి" అంటే హాలంతా చప్పట్లు. ఆ భాష నేర్పినందుకు డాక్టరుగారి కుటుంబానికి శాలువా కప్పారు. వాళ్ళింట్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడరని ఆ స్కూల్లో అందరికీ తెలుసు. ఆ పిల్ల నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఇన్నేళ్ళయినా నాకు ఆ మంట చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు.

పెద్దమ్మ మాత్రం చప్పట్లు కొట్టింది. బస్సులో, "మంచిగ మాట్లాడింది పోరి" అంది. తర్వాత కిటికీలోంచి చూస్తూ, "ఇంట్ల మనిషి ఉన్నదా లేదా అని అడుగుడు గూడ తప్పేనా?" అంది.

అక్క తల్లిని క్షమించలేదు. ఉద్యోగం వచ్చినా, పెళ్ళయినా, ఏ చిన్న మాట తేడా వచ్చినా "నీ గడియ పాడుగాను, నా బతుకును ఆపినవ్" అనేది. రిపేరు అని చెప్పింది తనేనని ఎప్పుడూ అనుకోలేదు. పెద్దమ్మ కూడా గుర్తుచేయలేదు. పెద్దమ్మకు ఆ విషయం తెలుసని మాత్రం నాకు తెలుసు, నేనే చెప్పాను. "నాకు తెల్సని దానికి జెప్పకు, బాధపడ్తది" అంది. ఇత్తడి గడియ బిగించిన రోజు నుంచి తలుపులు తట్టడం మానేసింది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజు గల్లీలో అందరూ రంగులు చల్లుకుంటుంటే చూడటానికి పెద్దమ్మ ఇంటికి పోయాను. స్నానానికి పోయి కావాలనే ఆలస్యం చేశాను. ఎవరూ తట్టలేదు. బయటికొస్తే పెద్దమ్మ తలుపు ఎదుటే స్టూలు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

పోయిన రోజు ఆమెకు స్నానం చేయించడానికి మధ్యగదిలోకి తీసుకుపోయాము. నేను, అక్క, చర్చి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు. హాలు నిండా మగవాళ్ళు ఉన్నారు. "గడియ ఎయ్యమ్మా" అంది వాళ్ళలో ఒకామె. అక్క చెయ్యి ఇత్తడి గడియ మీదికి పోయింది. ఎవరూ వాడక అది కొత్తదానిలాగే మెరుస్తోంది. అక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత తలుపు దగ్గరికి నెట్టి, గడియ వెయ్యకుండా, వీపు ఆనించి నిలబడింది. నేను చెంబుతో నీళ్ళు పోశాను, వాళ్ళిద్దరూ ఒళ్ళు తుడిచారు. అక్క అక్కణ్ణుంచి కదల్లేదు.

తెల్లచీర కడుతుండగా బయటి నుంచి ఎవరో తలుపు తట్టారు, అయ్యిందా అని అడగడానికి కాబోలు.

"ఉన్న" అంది అక్క.