అరకులో వదిలి వచ్చిన పేరు

కిందటి వారం నేను పెట్టిన ఫొటో కింద ఒక పాఠకురాలు, "మామ్మగారూ, మీ మనవడు భలే పొడుగ్గా ఉన్నాడు, ఇద్దరూ కలిసి కాఫీ తోటలు చూడటానికి వెళ్ళారా?" అని అడిగారు. బడిలో జీవితమంతా ఎర్ర సిరాతో గడిపినదాన్ని కనుక దిద్దకుండా ఉండలేను. ఫొటోలో ఉన్నది మనవడు కాదు, మనవరాలు. మేము కలిసి వెళ్ళలేదు. ఆ పిల్ల రెండేళ్ళుగా అరకులోనే ఉంటోంది. నేను ఒక్కదాన్నే వెళ్ళి ఒక్కదాన్నే తిరిగి వచ్చాను. తోటల్లో అడుగే పెట్టలేదు. పొడుగు మాట మాత్రం నిజం, దానికి ఒక మార్కు. ఈ సంగతులన్నీ రాయనా అని తననే అడిగాను. రాయమంది, అందుకే రాస్తున్నాను.

నేను వెళ్ళింది పేరు పెట్టడానికి. ఆమె నా కొడుకు బిడ్డ. పుట్టినప్పుడు మగబిడ్డ అనుకుని, అంతకు ముందే పోయిన మా ఆయన పేరు నేనే పెట్టాను. మా ఇంట్లో పేర్లు పెట్టే పని పెద్ద ఆడమనిషిది. ఇరవై దాటాక ఆ పిల్ల తాను ఆడపిల్లనని ఇంట్లో చెప్పింది. నా కొడుకు మాట్లాడటం మానేశాడు. అలగడం మా వంశపు మగవాళ్ళకు వచ్చిన ఒకే ఒక్క విద్య, అందులో వీడు అందరినీ మించాడు. పిల్ల బట్టలు సర్దుకుని అరకు వెళ్ళి, కాఫీ గింజలు వేయించి అమ్మే చిన్న దుకాణంలో చేరింది. పాత పేరు ఇక్కడ రాయను. మా ఆయన దాన్ని గౌరవంగా వాడుకుని వెళ్ళిపోయారు, ఈ పిల్ల తీసి పక్కన పెట్టింది. ఇద్దరి మీదా నాకు ఫిర్యాదు లేదు.

కొత్త పేరు తనే పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకుంది. కీర్తన అని కొన్నాళ్ళు, శ్రేయ అని కొన్నాళ్ళు, కొత్త చీరల్లా కట్టి చూసి విప్పేసింది. ఒకసారి విశాఖ వచ్చి, టిఫిన్ తయారయ్యాక పేరు పెట్టి కేకేసే హోటల్లో 'అనూష' అని చెప్పి కూర్చుందట, ఎవరి నోటనైనా తన పేరు వినాలని. వాళ్ళు అనూషా అనూషా అని నాలుగుసార్లు అరిచారు. ఈమెగారు ఎవరబ్బా ఆ అనూష అని చుట్టూ చూస్తూ కూర్చుంది. దోసె చల్లారిపోయింది. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఫోన్లో ఈ మాట చెబుతూ చాలా నవ్వింది. నవ్వు ఆగాక, "మొదటిది నువ్వే పెట్టావు మామ్మా, రెండోది కూడా నువ్వే వచ్చి పెట్టు. నేను పెట్టుకుంటే పలకడం రావట్లేదు" అంది. ఆ రాత్రే బ్యాగు సర్దాను.

విశాఖ నుంచి అరకుకు బస్సులున్నాయి, శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డులో నాలుగు గంటల్లో దింపుతాయి. కడుపులో ఉన్నది కడుపులోనే ఉండాలనుకునేవాళ్ళు పొద్దున ఏడు గంటల ప్రాంతంలో బయల్దేరే కిరండూల్ ప్యాసింజరు ఎక్కండి. మామూలు టికెట్టు ఒక పూట టిఫిన్ ఖర్చంత కూడా ఉండదు. అద్దాల పెట్టె కావాలంటే చాలా ముందుగా రిజర్వు చేసుకోవాలి, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ఎక్కగానే కుడివైపు కిటికీ పట్టండి, లోయలు ఎక్కువగా అటే. నేను వెళ్ళేసరికి కుడివైపంతా కాలేజీ పిల్లలు. ఎడమవైపు కూర్చుని, దాటిన ప్రతి లోయనూ ఎవరిదో ఒకరి జుట్టు సందులోంచి చూశాను.

కొండ మొదలయ్యాక సొరంగాలు వస్తాయి. లోపలికి వెళ్ళగానే చీకటి, ఆ చీకట్లో పిల్లలందరూ ఒకరి పేరు ఒకరు పట్టుకుని అరవడం. దివ్యా, సాయీ, మౌనికా అని. అరిచిన పేరు రాతికి తగిలి తిరిగి వచ్చేది, ఆ పేరున్న పిల్ల కిసుక్కున నవ్వేది. బొర్రా వచ్చేదాకా ఇదే తంతు. బడిలో అయితే బెత్తం తీసేదాన్ని. ఆ రోజు మాత్రం, ఈ పెట్టెలో నా పేరు అరిచేవాళ్ళు ఎవరూ లేరు కదా అన్న ఆలోచన వచ్చి, పల్లీలు కొనుక్కుని దాన్ని మింగేశాను. బొర్రా స్టేషన్లో సగం పెట్టె గుహలకు దిగిపోయింది. అప్పుడు దొరికింది కుడివైపు కిటికీ, చూడాల్సినవి దాదాపు అయిపోయాక.

అరకులో దిగేసరికి పదకొండు దాటింది. ఎండ ఉన్నా చలి వదలని రోజులు. పొలాల నిండా వలిసె పూల పసుపు, ఆ పసుపులో ఫొటోలకు నిలబడ్డ కొత్త జంటలు. ఆటో అతను మ్యూజియమా, చాపరాయి జలపాతమా అని అడిగాడు. అనంతగిరి రోడ్డులో కాఫీ పొడి దుకాణం అన్నాను.

"ఆ పొడుగు గుంట కాడికా? మీకేటౌద్ది?"

"మనవరాలు."

అద్దంలోంచి నన్ను ఒకసారి చూశాడు. ఏదో అంటాడని నేను నాలుక నూరుకుని కూర్చున్నాను. అతను మలుపు తిప్పి, గేరు మార్చి, "గింజలు బాగా ఏపుద్ది, మాడనివ్వదు" అన్నాడు. నూరిన నాలుకను మళ్ళీ ఒరలో పెట్టుకున్నాను. స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడుకునేటప్పుడు రానుపోను కలిపి మాట్లాడుకోండి, తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు మీద బండి దొరకడం మన అదృష్టం మీద ఉంటుంది.

పిల్ల దుకాణం ముందే నిలబడి ఉంది. నీలం చుడీదారు, జడ. కళ్ళజోడు మాత్రం వాళ్ళ తాతదే, ఫ్రేము మార్చలేదు. "మామ్మా" అని నా బ్యాగు అందుకుంది. నేను ఏదో ఒకటి పిలవాలి కదా. నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు. "చిక్కిపోయావు" అన్నాను, అది ఎవరికైనా సరిపోయే పేరు.

తను ఉండేది రోడ్డు మీంచి పొలం గట్టున నడిచి వెళ్ళే చిన్న ఊళ్ళో, బుద్రి అనే ఆమె ఇంటి పక్క గదిలో. గదిలో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. గ్లాసు నాకిచ్చి తను చెంబుతో తాగింది. రెండేళ్ళలో ఆ గదికి చుట్టాలెవరూ రాలేదని ఎవరూ చెప్పనక్కర్లేదు, రెండో గ్లాసు లేకపోవడమే చెప్పింది. ఊళ్ళో నిన్నేమంటారు అని అడిగాను. గుంటా అంటారంది, ఇక్కడ ఆడపిల్లను పిలిచే మాట అదే. "మొదటిసారి విన్నప్పుడు ఏడ్చాను మామ్మా. కానీ గుంటా అంటే వీధిలో ఆరుగురు తిరుగుతారు."

మధ్యాహ్నం బుద్రి సామ అన్నం, కందికాయల కూర పెట్టింది. మీరు వెళితే దారిలో బొంగులో చికెన్ అందరూ తినమంటారు, తినండి, కానీ ఎవరింట్లోనైనా సామ అన్నం పెడితే దాన్ని వదులుకోకండి. నేను వచ్చిన పని బుద్రికి ముందే తెలుసు. తను బుధవారం పుట్టింది కాబట్టి బుద్రి అట, కానీ వాళ్ళింట్లో పెద్దబిడ్డకు మాత్రం వారం పేరు పెట్టరట. "పోయినోలని అడుగుతాం. ఎవరొచ్చారో ఆలే సెప్తారు" అంది. ఆకు దొన్నెలో నీళ్ళు పోసి, ఇంట్లో పోయిన ఒక్కొక్కరి పేరూ చెబుతూ రెండేసి బియ్యపు గింజలు నీటి మీద మెల్లగా వదులుతారు. గింజలు తేలి ఒకదాన్నొకటి అంటుకుంటే ఆ మనిషే మళ్ళీ పుట్టినట్టు, పేరు ఖాయం. మునిగితే కాదు.

నేను మూడు తరాల లూథరన్ క్రైస్తవురాలిని. ఈ గింజల వ్యవహారం పాస్టరుగారికి తెలిస్తే ఒక ప్రసంగం నా మీదే ఉంటుంది. అయినా పిల్ల అప్పటికే అరుగు మీద బాసింపట్టు వేసుకుని దొన్నె ముందు కూర్చుంది. ఆ మొహం చూశాక వాదన పనికిరాదనిపించింది. మా ఆడవాళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టాను.

మా అమ్మ సత్యవేదమ్మ, చర్చి గంట కంటే ముందు లేచేది, గంట కొట్టే మనిషిని లేపేది కూడా ఆవిడే. గింజలు మునిగాయి. మా అత్తగారు సువార్తమ్మ. గింజలు అందరివాటికన్నా వేగంగా మునిగాయి, ఆవిడ బతికి ఉన్నప్పుడు కూడా దేనికీ సరే అన్నది లేదు. మా అక్క ఎస్తేరు, పెళ్ళి కాకుండానే జ్వరంతో పోయింది, నా జడలు ఆవిడే వేసేది. ఈసారి గింజలు కాసేపు తేలాయి. పిల్ల ఊపిరి బిగపట్టింది. నేనూ బిగపట్టాను, ప్రసంగం సంగతి తరవాత. ఒకటి మునిగింది, రెండోది దాని వెనకే పోయింది.

అలా పెద్దమ్మలు, పిన్నులు అందరూ అయ్యారు. ఒక్కొక్కరి గురించి పిల్ల అడుగుతోంది, ఎలా ఉండేది, ఏం చేసేది అని. చెబుతూ చెబుతూ ఉంటే తట్టింది, వీళ్ళను ఎరిగిన మనిషిని ఇక నేనొక్కదాన్నే మిగిలాను. ఎస్తేరు జడలు వేసేదని తెలిసిన తల ఈ లోకంలో ఇదొక్కటే.

బుద్రి దొన్నె పక్కకు జరిపింది. "ఈ గుంట మీ పాతోలెవరూ కాదమ్మగారూ. కొత్తది" అంది. మంచి మాటగానే అంది. పిల్ల మొహం మాత్రం చల్లారిన దోసెలా అయిపోయింది. "పోయినవాళ్ళకు కూడా నేను అక్కర్లేదన్నమాట" అని నెమ్మదిగా నవ్వింది. ఆ నవ్వు వాళ్ళ తాతది. ఆయన కూడా నొప్పి తెలిస్తే నవ్వేవారు.

"ఇంకో జత వెయ్యి బుద్రీ. దయామణి."

"ఆవిడెప్పుడు పోయింది?"

"ఇంకా లేదు. నీ ఎదురుగానే కూర్చుంది."

బుద్రి చెయ్యి వెనక్కి తీసుకుంది. "బతికున్నోల పేరు ఎట్టకూడదమ్మా. మీరు బేగి ఎల్లిపోవాలని కోరుకున్నట్టౌద్ది" అంది. పిల్ల కూడా వద్దంది, గట్టిగానే అంది. నేను ఇద్దరికీ చెప్పాను. నన్ను ఆ పేరుతో పిలవడం మా ఆయనతోనే ఆగిపోయింది. ఆ తరవాత నేను టీచరమ్మని, మామ్మని, అమ్మని, మేడమ్‌ని. బ్యాంకులో పిలుస్తారు, కానీ అది పిలుపు కాదు, టోకెన్. మంచి పేరు, గట్టి పేరు, ఏళ్ళ తరబడి పెట్టెలో ఊరికే పడి ఉంది. నేను పోయాక ఇస్తే ఎలా ఉందో చూడటానికి నేనుండను.

"పాతకాలం పేరే" అంది పిల్ల, కళ్ళు తుడుచుకుంటూ.

"అవును. ఫోన్లో వింటే నీకు అరవై ఏళ్ళనుకుంటారు. కుర్చీ వేస్తారు."

"మరి నిన్నేమని పిలుస్తారు?"

"ఇప్పుడేమంటున్నారో అదే. నువ్వు మామ్మా అను, చాలు."

బుద్రి గింజలు వెయ్యనంది. నేనూ బలవంతం చెయ్యలేదు, మునిగితే ఆ మాట నాకు జన్మంతా గుర్తుండేది. పిల్ల లేచింది. కంచాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. బుద్రి నా వైపు చూస్తోంది. నాకు దాహం వేసింది, లేక వేసిందనుకున్నాను.

"దయామణీ, కాసిన్ని మంచినీళ్ళు పట్రా" అని కేకేశాను.

"ఆ, వస్తున్నా మామ్మా."

ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆ చుట్టుపక్కల ఇంకెవరో ఉన్నారని వెతుక్కోలేదు. తడిచేతులతో చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాక, తను పలికిన సంగతి తనకు అప్పుడు తెలిసి అక్కడే ఆగిపోయింది. నా నాలుక చివర్న కూడా ఒక 'ఆ' సిద్ధంగా ఉంది. దాన్ని నీళ్ళతో కలిపి మింగేశాను.

తిరుగు రైలు మధ్యాహ్నం మూడు దాటాక వస్తుంది. ఆలస్యం మామూలే, శాలువా దగ్గర పెట్టుకోండి. ప్లాట్‌ఫారం మీద పిల్ల చెయ్యి ఊపింది, పొడుగు కాబట్టి చాలాసేపు కనబడింది. పెట్టె దాదాపు ఖాళీ. ఈసారి మంచి కిటికీ దొరికింది, చూడటానికి నాకే మనసు లేదు. ఇచ్చింది నా ఇష్టంతోనే ఇచ్చాను, అందులో తేడా లేదు. కానీ ఇంట్లో వస్తువు ఒకటి ఇచ్చేశాక గోడ మీద దాని చోటు తెల్లగా మిగులుతుందే, అలా ఉంది లోపల. సొరంగం వచ్చింది. ఎవరూ అరవలేదు. చుట్టూ చూసుకుని, రిటైరయిన హెడ్‌మిస్ట్రెస్ చెయ్యకూడని పని చేశాను. దయామణీ అని మెల్లగా పిలిచాను. ఎవరూ పలకలేదు. పలికే మనిషి ఇప్పుడు కొండ మీద ఉంది. చీకటి అయిపోయి వెలుతురు వచ్చేసరికి ఆ మాటలో బాధ ఎంతో, నిమ్మళం ఎంతో నాకే తేలలేదు.

అరకు వెళ్ళేవాళ్ళకు ఒక చిన్న పని. స్టేషన్ నుంచి అనంతగిరి రోడ్డులోకి తిరిగాక, ఎడమ చేతివైపు రేకుల కప్పు దుకాణం, బయట గింజలు వేయించే ఇనుప మూకుడు ఉంటుంది. పావుకిలో పొడి తీసుకోండి, చికోరీ కలపనిది అని చెప్పండి. మూత గట్టిగా ఉన్న డబ్బా మీరే పట్టుకెళ్ళండి, కవర్లో వాసన నిలవదు. లోపల పొడుగాటి అమ్మాయి వెనక్కి తిరిగి గింజలు ఏరుతూ ఉంటుంది. 'ఏమ్మా', 'మేడమ్' అనకండి. గుమ్మం దగ్గరే నిలబడి, వినబడేలా దయామణీ అని పిలవండి. పలికాకే లోపలికి వెళ్ళండి.